కంటికి వచ్చే క్షయ: మీరు దాచే మాట, మాకు కావలసిన మాట

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)



ప్రతి యేటా ఈ సభలో కంటి విషయమై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడుగుతూ వుంటారు. క్రిందటేడు శుక్లాల గురించి చెప్పుకున్నాము. అంతకు ముందు చక్కెర వ్యాధి గురించి చెప్పుకున్నాము. ఈసారి పిల్లల కళ్ళద్దాల మీద మాట్లాడమన్నారు. మేమే బ్రతిమాలి విషయం మార్చుకున్నాము. కారణం వున్నది. మన ఆదివారం ఉచిత కంటి శిబిరానికి వచ్చిన ఒక అమ్మాయి విషయంలో ఆలస్యం జరిగింది. ఆ ఆలస్యంలో కొంత ఇంటివారిది, ఎక్కువ మాది. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే చెబుతున్నాము. పేరు చెప్పము, పేట చెప్పము. మీరూ ఊహించే ప్రయత్నం చేయవద్దని మనవి.

డిగ్రీ చివరి సంవత్సరం చదివే పిల్ల. కుడి కన్ను ఎర్రబడింది. ఇంట్లో ‘ఆంఖ్ ఆయీ’ అనుకున్నారు. అంటే మామూలు కళ్ళకలక. నాలుగు రోజులు రోజ్‌వాటర్ పోశారు, నాయనమ్మ సుర్మా పెట్టింది. తగ్గలేదు. సందు చివరి మందుల షాపులో చుక్కల మందు తెచ్చి వేశారు. ఎరుపు చప్పున తగ్గింది. మళ్ళీ నెలకు వచ్చింది. మళ్ళీ అదే సీసా. మూడోసారి వచ్చినప్పుడు ఎరుపుతో బాటు చూపు మసకబారింది, వెలుతురు చూడలేకపోయింది. అప్పుడు మా దగ్గరకు తీసుకొచ్చారు.

మేము చూశాము. కంటి లోపల వాపు వున్నది. దీనిని యువియైటిస్ అంటారు. వాపు తగ్గే మందులిచ్చాము. తగ్గింది. మందు తగ్గించగానే తిరగబెట్టింది. అప్పుడు అనుమానం వచ్చి అడిగాము: "ఏమమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా టి.బి. వచ్చిందా?"

తల్లి ఒక్క క్షణం ఆగింది. "నహీఁ డాక్టర్ సాబ్, మా ఖాందాన్‌లోనే ఎవరికీ లేదు" అన్నది.

ఛాతీ ఎక్స్‌రే తీయించాము. శుభ్రంగా వున్నది. సరే అనుకున్నాము. అక్కడ ఆగిపోయాము. ఇంకో మూడు నెలలు వాపు మందులతోనే నెట్టుకొచ్చాము. ఆ మూడు నెలల్లో వాపు కంటి వెనుక పొరకు పాకింది.

నాలుగోసారి ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. వాళ్ళ పెదనాన్నకు టి.బి. వచ్చిందట. ఒకే ఇంట్లో, ఒకే వసారాలో పడుకునేవారు. ఆయన మూడు నెలలు మందు తిని, ఒంట్లో బాగానే వున్నదని మానేశాడట. రెండేళ్ళకు పోయాడు. "అమ్మీ చెప్పొద్దన్నది. నాకు సంబంధం చూస్తున్నారు" అన్నది.

ఆ తల్లి అబద్ధం చెప్పిందని ఎవరైనా అనవచ్చు. మేము అనము. మేము అడిగింది ఎక్కడ? శిబిరంలో, బల్ల ముందర, వెనుక పదిమంది చీటీలు పట్టుకుని నిలబడి వుండగా. ఆ పదిమందిలో పెళ్ళిళ్ళు కుదిర్చే ఆవిడ కూడా వున్నదని మాకు తరువాత తెలిసింది. అక్కడ ఏ తల్లి నిజం చెబుతుందండీ?

ఇక అసలు విషయానికి వస్తాము. మన కన్ను మూడు పొరల గోళం. బయటి పొర గట్టిది. లోపలి పొర రెటీనా, చూపును పట్టేది. మధ్యనున్న పొర పేరు యువియా. లాటిన్ భాషలో ద్రాక్షపండుకు వున్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. తొక్క తీసిన నల్లద్రాక్ష ఎలా వుంటుందో, బయటి పొర ఒలిస్తే కన్ను అలా కనిపిస్తుందని పాతకాలపు వైద్యులు అలా పిలిచారు. కంటికి రక్తం ఎక్కువగా అందించేది ఈ పొరే. ముందువైపు నల్లగా కనిపించే తెర దీని భాగమే, వెనుక రెటీనాను పోషించే కోరాయిడ్ కూడా దీని భాగమే. ఈ పొరకు వచ్చే వాపే యువియైటిస్.

రక్తం ఎక్కువగా పారే చోటికి రక్తంలో కొట్టుకొచ్చేవన్నీ చేరతాయి. క్షయ క్రిమి ముందుగా గాలి ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలామందిలో అక్కడే శరీరం దానిని కట్టిపడేస్తుంది. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతుకు ఈ క్రిమి సోకి వుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సోకినవారిలో జబ్బు పడేవారు నూటికి అయిదు నుంచి పదిమంది మాత్రమే. అయితే కొందరిలో ఆ క్రిమి రక్తంలో ప్రయాణించి ఎముకకో, గ్రంథికో, మెదడు పొరకో, కంటికో చేరుతుంది. కంట్లో అది రెండు విధాలుగా హాని చేస్తుంది. ఒకటి, క్రిమి స్వయంగా అక్కడ స్థిరపడి చిన్న గడ్డలు కట్టడం. రెండవది, క్రిమి తాలూకు పదార్థం మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి కంటినే కాల్చడం. చాలాసార్లు ఈ రెండూ కలిసే వుంటాయి. అందుకే వైద్యంలోనూ రెండు రకాల మందులు కావలసి వస్తాయి. ఇది ముందుకు మళ్ళీ చెబుతాము.

కంటి క్షయ కంటి ద్వారా అంటుకోదు. కన్నీరు తగిలితే రాదు, తువ్వాలు తగిలితే రాదు. ఆ మనిషికి ఊపిరితిత్తుల్లో కూడా జబ్బు వుండి దగ్గు ద్వారా క్రిమి బయటపడుతుంటేనే ఇతరులకు ప్రమాదం. కంటి క్షయ వున్న చాలామందికి దగ్గు వుండదు, జ్వరం వుండదు, బరువు తగ్గదు. "మనిషి బాగానే వున్నాడు కదా, టి.బి. ఏమిటి?" అని ఇంటివారు మా మీద ఎగిరేది ఇందుకే.

కళ్ళకలకకు, దీనికి తేడా మీరు ఇంట్లోనే కొంత పసిగట్టవచ్చు. కళ్ళకలకలో పుసి కడుతుంది, తెల్లవారి రెప్పలు అతుక్కుపోతాయి, ఒకరి తరువాత ఒకరికి ఇంటిల్లిపాదికీ వస్తుంది, వారం పది రోజుల్లో పోతుంది. లోపలి వాపులో పుసి వుండదు. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయం, లోతైన నొప్పి, వెలుతురు చూస్తే బాధ, చూపు మసక. వెనుక భాగంలో వాపు అయితే ఎరుపు కూడా వుండదు. కళ్ళ ముందు దోమలు, మసి నలుసులు తిరుగుతున్నట్లుంటుంది, చూపు మెల్లగా పోతుంది, నొప్పి లేదు కదా అని మనిషి ఊరుకుంటాడు. నొప్పి లేనిదే ఎక్కువ మోసం చేస్తుంది.

ఇప్పుడు మీరు అడగవచ్చు: క్షయ అయితే పరీక్ష చేసి తేల్చేయవచ్చు కదా, మీ అనుమానాలు ఎందుకు? ఇదే మా వృత్తిలోని పెద్ద చిక్కు.

ఊపిరితిత్తుల క్షయలో గళ్ళ వుంటుంది. గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే క్రిమి కనిపిస్తుంది. రాబర్ట్ కోక్ బెర్లిన్‌లో 1882 మార్చి 24న ఆ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆ మరుసటి యేడే, 1883లో, జూలియస్ వాన్ మిషెల్ అనే వైద్యుడు కంట్లో కూడా ఆ క్రిమిని గుర్తించాడు. అంటే ఈ సంగతి తెలిసి నూటనలభై యేళ్ళు దాటింది. కాని గళ్ళలాగా కంట్లోంచి తీసేందుకు ఏముంది? కంటి ముందు గదిలో వున్న నీరంతా కలిపినా అర మిల్లీలీటరు కూడా వుండదు. మేము సూదితో తీసేది ఒకటి రెండు చుక్కలు. క్రిములు వున్నా బహు కొద్ది. పైగా అవి ఆ నీటిలో తేలుతూ వుండవు, పొరల్లో దాగుంటాయి. 2006లో లాస్ ఏంజెలెస్‌లో నర్సింగ్ రావుగారు, వారి సహచరులు క్షయ వల్ల వాపు వచ్చి తీసేసిన కంటిని పరీక్షించి, రెటీనా అడుగునున్న రంగు కణాల పొరలో ఆ క్రిమి జాడ పట్టుకున్నారు. అక్కడి నుంచి ముక్క కోసి చూద్దామంటే చూపు పోతుంది. చేతికి వచ్చే గడ్డను కోసి పరీక్షకు పంపినట్లు కంటిని కోయలేము. పి.సి.ఆర్. అనే పరీక్షలో ఆ ఒకటి రెండు చుక్కల్లోనే క్రిమి జన్యువును వెతుకుతారు. దొరికితే మంచిదే. దొరకనంత మాత్రాన క్షయ లేదని కాదు.

కాబట్టి కంటి క్షయ నిర్ధారణ అంటే చాలాసార్లు ఒక్క సాక్షితో తీర్పు కాదు. కొన్ని సాక్ష్యాలు కూడదీసుకోవాలి. కంటి లక్షణం ఒకటి, ఒంటి పరీక్షలు ఒకటి, వేరే కారణాలు కావని తేల్చుకోవడం ఒకటి, రోగి చెప్పే చరిత్ర ఒకటి. ఈ నాలుగింటిలో మొదటి మూడు మేము తెచ్చుకోగలము. నాలుగోది మీ దగ్గర వుంటుంది.

మా వాళ్ళు రెండు వైపులా పొరపాటు పడ్డవారే, దాచడం ఎందుకు. ఒకప్పుడు అమెరికాలో కంటి లోపలి వాపుల్లో అధిక భాగం క్షయ వల్లే అని పెద్ద పెద్ద నిపుణులు రాశారు. తరువాత సార్కాయిడ్, టాక్సోప్లాస్మా వంటి జబ్బులు తెలిసివచ్చాక ఆ లెక్క బాగా పడిపోయింది. మన దేశంలో అలా కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దగ్గరే వున్నారు. అలాగని ఎర్రకన్ను కనపడగానే క్షయ మందులు రాసేయడమూ తప్పే. ఆ మందులు మిఠాయిలు కావు.

కంట్లో మేము ఏమి చూస్తామంటే: నల్లతెర అంచు వెనుకనున్న లెన్సుకు వెడల్పుగా అతుక్కుని వుందా? రెటీనాలో రక్తనాళాల చుట్టూ తెల్లని ఒరలాగా వాపు, దాని పక్కన నల్లని మచ్చలు వున్నాయా? కోరాయిడ్‌లో పాము పాకినట్లుగా మెలికలు తిరుగుతూ వ్యాపించే పాడు వున్నదా? చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యులు అమోద్ గుప్తాగారు, వారి బృందం 2010లో ఇటువంటి గుర్తులు క్షయ వైపు బలంగా వేలు చూపిస్తాయని రాశారు. మన అమ్మాయికి నాలుగోసారి కనపడింది ఆ పాము మెలికే. పడుచు మగపిల్లల్లో ఉన్నట్టుండి కంటి లోపల రక్తం చిమ్మి చూపు మూసుకుపోయే ఒక జబ్బును హెన్రీ ఈల్స్ 1880లో వర్ణించాడు. ఆయన పేరుతోనే పిలిచే ఆ జబ్బు మన దేశంలో ఎక్కువే. దానికీ క్షయకూ సంబంధం వున్నదని చాలామంది నమ్మకం.

ఇక ఒంటి పరీక్షలు. మాంటూ పరీక్ష మీకు తెలిసిందే. ముంజేతి చర్మంలో చిన్న సూదిమందు వేసి రెండు మూడు రోజుల్లో చూస్తారు. కొలవవలసింది ఎరుపును కాదు, గట్టిపడిన బొప్పిని. పది మిల్లీమీటర్లు, అంతకు మించితే పాజిటివ్ అంటాము. అది క్షయ క్రిమి ఒంటికి పరిచయమని చెబుతుంది, కంటి వాపు దానివల్లే అని చెప్పదు. చిన్నప్పుడు వేసిన బి.సి.జి. కూడా కొంత గందరగోళం చేస్తుంది. ఇగ్రా అనే రక్తపరీక్షకు బి.సి.జి. గొడవ లేదు. కాని అదీ పరిచయాన్నే చెబుతుంది, జబ్బును చెప్పదు. ఎక్స్‌రే శుభ్రంగా వున్నంత మాత్రాన నిశ్చింతగా వుండరాదు. మా పొరపాటు అదే కదా. ఛాతీకి సి.టి. తీయిస్తే గుండెకు దగ్గరగా వుబ్బిన గ్రంథులు కనపడవచ్చు. ఈ అమ్మాయికి కనపడ్డాయి. మాంటూ బొప్పి కూడా పెద్దదే వచ్చింది.

ఒక మాట జాగ్రత్తగా వినండి. రక్తంలో యాంటీబాడీలు చూసి టి.బి. వుందో లేదో చెబుతామనే పరీక్షలు ఒకప్పుడు ఊరూరా చేసేవారు. అవి నమ్మదగినవి కావని భారత ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది. ఎవరైనా ఇంకా ఆ కాగితం చేతిలో పెడితే దాని మీద ఆధారపడవద్దు.

వేరే కారణాలు కావని తేల్చుకోవడమంటే సిఫిలిస్‌కు రక్తపరీక్ష చేస్తాము, సార్కాయిడ్ చూస్తాము, కీళ్ళ జబ్బులు, నడుము నొప్పులు అడుగుతాము. సిఫిలిస్ పరీక్ష అనగానే కొందరు పెద్దమనుషులు మొహం మాడ్చుకుంటారు. అది ఎవరి నడవడినీ శంకించడం కాదు. కంటి లోపలి వాపు వచ్చిన పెద్దలందరికీ చేస్తాము, మాకు వచ్చినా చేయించుకుంటాము.

ఈ సాక్ష్యాలన్నీ ఎలా తూచాలి, ఎప్పుడు క్షయ మందులు మొదలుపెట్టాలి అనే దాని మీద పలు దేశాల నిపుణులు కలిసి 2020, 2021 సంవత్సరాల్లో ఏకాభిప్రాయ సూచనలు ప్రచురించారు. కన్ను ఎలా వుంది, ఏ పరీక్ష పాజిటివ్, రోగి ఏ దేశంలో వుంటాడు, ఇవన్నీ కలిపి చూడమంటారు వారు. క్షయ విరివిగా వున్న దేశంలో పాము మెలిక కోరాయిడ్‌కు, ఒంటి పరీక్ష కూడా తోడైతే, ఎక్కువ కాలం సందేహిస్తూ కూర్చోరు.

వైద్యం మాట. క్షయ మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మొదటి రెండు నెలలు. తరువాత పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. కంటి క్షయకు మొత్తం ఆరు నుంచి తొమ్మిది నెలలు. బరువును బట్టి మాత్రల లెక్క. రోజూ వేసుకోవాలి. వెనుక వారానికి మూడు రోజుల పద్ధతి వుండేది, 2017లో దేశమంతటా దానిని మార్చి రోజూ చేశారు. మీ చుట్టాల్లో ఎవరైనా "మాకు రోజు విడిచి రోజు ఇచ్చారు" అంటే అది పాత లెక్క.

వీటితో బాటు వాపు తగ్గించే స్టెరాయిడ్లు. కంటి చుక్కలుగా కొందరికి, మాత్రలుగా కొందరికి. నల్లతెర అతుక్కోకుండా కనుపాపను పెద్దది చేసే చుక్కలు. ఇవి వేసినప్పుడు దగ్గరి చూపు మసకబారుతుంది, భయపడవద్దు. మేము ఇందాక రెండు రకాల మందులు అన్నది ఇదే. స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే మంట ఆరినట్లు కనపడుతుంది, నిప్పు అడుగున వుండనే వుంటుంది. అదుపు లేకుండా క్రిమి పెరగనూవచ్చు. మందుల షాపు సీసాలో వున్నదీ అదే స్టెరాయిడ్. అందుకే ఎరుపు చప్పున తగ్గింది, అందుకే మూడుసార్లు తిరిగొచ్చింది. నెలల తరబడి వేసుకుంటే శుక్లం, కంటి ఒత్తిడి అదనపు బహుమానం.

మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొందరిలో వాపు ఎక్కువైనట్లు కనపడుతుంది. మన అమ్మాయికీ అయింది. మూడో వారంలో తల్లి మందుల డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టి "ఈ మందే నా బిడ్డ కన్ను తీసింది" అన్నది. చచ్చే క్రిముల పదార్థం మీద శరీరం తిరగబడటం వల్ల ఇలా జరుగుతుంది. అప్పుడు క్షయ మందు ఆపరాదు, స్టెరాయిడ్ సర్దుబాటు చేయాలి. నచ్చజెప్పడానికి మాకు గంట పట్టింది. అంతకు ముందే ఒక మాట చెప్పి వుంటే ఆ గంట, ఆ తల్లి కన్నీరు రెండూ తప్పేవి.

రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం, కన్నీరు నారింజ రంగులోకి మారతాయి. అది రక్తం కాదు. స్టెరాయిడ్ మాత్రల బలాన్ని ఈ మందు తగ్గిస్తుంది, చక్కెర వ్యాధి మాత్రల మీదా, పిల్లలు కలగకుండా వాడే మాత్రల మీదా ప్రభావం చూపుతుంది. అందుచేత మీరు వేసుకునే ప్రతి మందూ చీటీ మీద రాసి చూపించండి. ఆడవాళ్ళు ఆ చివరి మందు గురించి చెప్పడానికి సిగ్గుపడితే లేడీ డాక్టరుకు గాని, నర్సుకు గాని చెప్పవచ్చు. కళ్ళు పచ్చబడినా, అన్నం సహించక వాంతులవుతున్నా కాలేయం మాట వెంటనే చూడాలి. ఐసోనియాజిడ్ వల్ల చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కకుండా పైరిడాక్సిన్ అనే విటమిన్ ఇస్తారు.

ఇథాంబ్యుటాల్ సంగతి ప్రత్యేకించి చెప్పాలి. ఇది క్షయకు మంచి మందే. కాని అరుదుగా, మోతాదును బట్టి, కంటి నరాన్నే దెబ్బ తీస్తుంది. ముందుగా తెలిసే గుర్తు రంగులు, అందులోనూ ఎరుపు, ఆకుపచ్చ వెలిసిపోయినట్లు కనపడటం. కాబట్టి మందు మొదలుపెట్టే ముందే చూపు, రంగుల చూపు పరీక్ష చేయించి, నెలనెలా చూపించుకోవాలి. ఊపిరితిత్తుల క్షయకు మందు తినేవారికీ ఇదే వర్తిస్తుంది. వాళ్ళకు కంటి డాక్టరు గుర్తే రాడు. టైలరింగు చేసే అక్కలు వుంటే ఒక చిట్కా: ఎర్రదారం, పచ్చదారం రీళ్ళను రోజూ ఒక్కో కంటితో చూసుకోండి. తేడా అనిపిస్తే ఆగకుండా రండి.

రంజాన్ మాట. మందులు రోజుకు ఒక్కపూటే గనుక ఏ వేళ వేసుకోవాలన్నది సర్దుకోవచ్చు. కాని మేము గంట గంటకూ చుక్కలు వేయమన్న రోజుల్లో వేయాల్సిందే. జబ్బుపడ్డవారికి ఉపవాసం విషయంలో వెసులుబాటు వున్నదని మాకంటే మీకే బాగా తెలుసు. సందేహముంటే మీ ఇమామ్‌గారినీ, మీ డాక్టరునూ నెల ముందే అడగండి. ఎవరినీ అడగకుండా మాత్రం మానేయవద్దు. క్రిందటేడు ఇద్దరు అలా మానేశారు. ఇక సుర్మా. సన్నతి, షోకు మాట మేము ఎత్తము. వాపు వున్న కంట్లో మాత్రం ఏదీ పెట్టవద్దు. బజారులో అమ్మే సుర్మాల్లో కొన్నింటిలో సీసం వుంటుందని గుర్తుంచుకోండి, పసిపిల్లలకు అసలే వద్దు.

పెద్దవాళ్ళకు దిఖ్ అంటే ఆరోగ్యవరం, మంగళగిరి శానిటోరియంలు గుర్తొస్తాయి. మనిషిని ఇంటి నుంచి వేరుచేసి పంపేయడం. ఆ భయమే మన ఇళ్ళల్లో ఇంకా మిగిలింది. కాని మద్రాసులో 1956లో మొదలుపెట్టిన పరిశోధనలో కొందరు క్షయ రోగులను శానిటోరియంలోనూ, కొందరిని ఇంటి దగ్గరా వుంచి ఒకే మందులిచ్చి చూశారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంటి దగ్గర, ఇరుకు గదుల్లో, అంతంతమాత్రం తిండితో వున్నవారికీ మందు దాదాపు అంత బాగానే పనిచేసింది. ఇంట్లోవారికి అదనంగా జబ్బు అంటుకోలేదు. తరువాత ప్రపంచమంతా ఇంటి వైద్యానికి మారడానికి అది పెద్ద ఆధారమైంది. మన పక్క రాష్ట్రంలో, మనలాంటి పేదల మీద తేలిన సంగతి ఇది. ఇంకా పళ్ళెం వేరు, గ్లాసు వేరు పెడుతున్న ఇళ్ళు మాకు తెలుసు. క్షయ పళ్ళెంలో రాదు, దగ్గు గాలిలో వస్తుంది. కిటికీ తెరవండి, పళ్ళెం వదిలేయండి.

మందులు ప్రభుత్వంలో ఉచితం. 2012 నుంచి ప్రైవేటు డాక్టరైనా సరే టి.బి. కేసును ప్రభుత్వానికి తెలియజేయాలి. పేరు రాస్తే ఊరంతా తెలుస్తుందని భయపడవద్దు, అది వైద్యం నడిపే లెక్క. మందు తినేవారి పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు, 2024 నవంబరు నుంచి అది 1,000 చేశారు. ఖాతా లేనివారికి మన సంఘం ఆఫీసులో కాగితాలు నింపిపెడుతున్నారు.

ఆ అమ్మాయి తొమ్మిది నెలలు మందు పూర్తిచేసింది. ఎడమ కన్నుకు ఏమీ కాలేదు. కుడి కన్ను మొదట బోర్డు మీద పై పెద్ద అక్షరం ఒక్కటే చదివేది, ఇప్పుడు ఐదో వరుస దాకా వచ్చింది. మధ్యలో ఒక మచ్చ వున్నది, అది పోదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తల కొంచెం పక్కకు వంచుతుంది. ఆ సంబంధం తప్పిపోయింది. తల్లి కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడే తన ఆడపడుచు కొడుకును, దగ్గుతున్నాడని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

మేము మార్చుకున్నది ఇది. శిబిరంలో బల్ల దగ్గర ఇక ఇంట్లో జబ్బుల గురించి అడగము. పక్కన స్టోరుగది ఖాళీ చేయించాము. రెండు కుర్చీలు, ఒక తలుపు. మనిషి ఒక్కరే లోపలికి రావచ్చు, లేదా తనకు నమ్మకమున్న ఒకరితో రావచ్చు. ఆడవాళ్ళకు ఆడ డాక్టరే వుంటారు. ఇప్పుడు సభ అయ్యాక కూడా ఆ గది తెరిచే వుంటుంది. అడగదలచుకున్నవారు చీటీ అక్కరలేదు, ఒక్కొక్కరుగా రండి.